పోచారం రేసింగ్ బండి ఎందుకాగింది

శ్రీకాంత్ అన్నకు,

చెల్లె స్వరూప నమస్కారం. పెట్టాలా వద్దా అని రెండు పూటలు ఆలోచించి, అవ్వ మొహం చూసి పెడుతున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ అవ్వ మోకాళ్లు ఎట్లా ఉన్నాయో, బాపు దగ్గు తగ్గిందో లేదో, వదిన బీడీలు చుట్టడం మానేసిందో మళ్లీ మొదలుపెట్టిందో రాయి. నువ్వు ఎట్లా ఉన్నావని అడగను. నువ్వు బాగానే ఉంటావు, నీకేం తక్కువ.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వుతావని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. బాపు పక్కనే కూర్చుని వింటాడు. ఇది బాపు వినకూడని మాట. అందుకే లింగంపేట ఇంటికి కాకుండా ఎల్లారెడ్డిలో నీ స్పేర్ పార్టుల దుకాణానికి పంపుతున్నాను. షట్టర్ సగం దించి ఒక్కడివే చదువు. దుకాణంలో నీతో ఉండే మొయిన్ భాయ్‌కి కూడా చూపించకు. కవరులో కాగితాలతో పాటు ఇంకొకటి ఉంది, దాన్ని చివర చూడు.

లత నిశ్చితార్థం రోజు కామారెడ్డి ఫంక్షన్ హాలులో నువ్వు చేసిన ఘనకార్యం వీడియో నాకు చేరింది. లతే పంపింది. "అక్కా, ఏమనుకోకు, అందరు నవ్విన్రు గని నాకైతే మంచిగనిపియ్యలే" అంది. చిన్నమ్మ కూతురికి ఉన్న ఇంగితం సొంత అన్నకు లేకపోయింది. నేను కారు తోలినట్టు తినే ప్లేటును స్టీరింగ్ లాగా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "అవ్వో, నాకు భయమైతుందే" అని గొంతు సన్నం చేశావు. డోంగ్లి నుంచి వచ్చిన మామ వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ మూలన కుర్చీలో బాపు తల ఎత్తకుండా అన్నం కలుపుతూనే ఉన్నాడు. అది నీకు కనబడలేదు, నాకు కనబడింది. ఆ వీడియో ఎనిమిదిసార్లు చూశాను.

అంతటితో ఆగావా? యాసంగి కోతలకు నెల రోజులు సెలవు పెట్టి వస్తాను, నువ్వు కొత్తగా తెచ్చిన హార్వెస్టర్ నేను తోలుతాను అని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టావు. "రేసుల భయపడి నడిమిట్ల బండి ఆపినదానికి మిషిన్ ఇస్తే ఊరు నవ్వుతదే. నీకెందుకు గవన్ని? మంచిగ జాబ్ చేస్కో." ఊరు నవ్వదు అన్నా, నువ్వు నవ్విస్తున్నావు. తొమ్మిదేండ్లప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ట్రాక్టర్ నేర్పింది నువ్వే. పదహారేండ్లకు దమ్ము చక్రాలేసి మన మడులే కాదు, ఊళ్లో సగం మందివి దున్నాను. స్వరూప తోలితే గట్టు చెక్కు చెదరదని ఎల్లారెడ్డి సంతలో అనుకునేవాళ్లు. నాకున్న పేరు అదొక్కటే. అది నువ్వు పోగొట్టావు, నువ్వే తిరిగి ఇవ్వాలి. ఈ ఉత్తరం అందుకే.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను, అవ్వ అడుగుతుంది కదా. చెన్నైకి గంట దూరంలో టైర్ల కంపెనీ ట్రాక్ మీద పని. పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగడం. రోడ్డు మీద నీళ్లు వదిలి ఉంచుతారు. దాని మీదికి వేగంగా వచ్చి బ్రేకు తొక్కాలి. బండి ఎటు జారిందో, ఎంత జారిందో చెప్పాలి. మళ్లీ తిరిగి వచ్చి మళ్లీ తొక్కాలి. ఒక్కోరోజు అరవైసార్లు తొక్కుతాను. భయస్తురాలికి భలే పని ఇచ్చారు కదా?

ఎండ మన దగ్గరకంటే ఎక్కువేం కాదు గానీ చెమట ఆరదు. ఉతికిన బట్టలు ఆరవు, తల వెంట్రుకలు ఆరవు. తిండికి లోటు లేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి మళ్లీ ఇడ్లీ. నోరు చప్పబడిపోయింది. జొన్నరొట్టె మొహం చూసి ఏడు నెలలయింది. హాస్టల్ గదిలో సేలం పిల్లలు ఇద్దరు ఉన్నారు, మంచివాళ్లే. వాళ్ల మాట నాకు సగం అర్థమవుతుంది, నా మాట వాళ్లకు అదీ కాదు. ఆదివారం వాళ్లు ఊరికి పోతే గదిలో ఒక్కదాన్నే ఉంటాను. అప్పుడు గోడతో మాట్లాడినా మన భాషలోనే మాట్లాడతాను. రంది పడొద్దని అవ్వకు చెప్పు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను. వీలైతే చింతకాయ తొక్కు, జొన్నపిండి ఎవరితోనైనా పంపండి. తొక్కులో వెల్లుల్లి ఎక్కువ వేయమను.

ఇప్పుడు రేసు సంగతి. నీకు తెలిసిన కథే అంటావు. నువ్వు చెప్పే కథలో చాలా ఎగిరిపోయాయి, అందుకని మొదటి నుంచి రాస్తాను.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కారు రాకముందే నువ్వు "పోచారం రేసింగ్" అని టీషర్టులు కుట్టించావు. హైదరాబాద్ నుంచి పాత కారు తెచ్చి, సీట్లు పీకి, మొయిన్ భాయ్‌తో లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేయించావు. ఇంజన్ పని మొత్తం బాపు చేశాడు. నేను ఎక్కడ నేర్చుకున్నాను? కామారెడ్డి బయట ప్లాట్ల వెంచరులో, ఇండ్లు లేని ఆ ముప్పై అడుగుల రోడ్ల మీద. నాలుగు వందల గజాలు పోతే మలుపు, మలుపులో మేకలు. మూడో గేరు దాటి ఎన్నడూ వేయలేదు. "గింత చాలు, అక్కడ బి గిదే రోడ్డు" అన్నావు నువ్వు. వీడియోలు తీసి పెట్టడం తప్ప నువ్వు ఆ కారులో ఒక్కరోజు కూర్చోలేదు.

గురువారం చెన్నై రేసు ట్రాక్ దగ్గర బండి తనిఖీ అయింది గుర్తుందా? ముందు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు తీసేయమంటే నువ్వు వాళ్లతో కొట్లాట పెట్టుకున్నావు. నాకు తెచ్చింది బైకు హెల్మెట్. ఇది నడవదంటే పక్క టీమ్ వాళ్లను బతిమాలి అడిగి తెచ్చుకున్నాను. మొయిన్ భాయ్ వెల్డింగ్ రెండుచోట్ల మళ్లీ చేయమన్నారు, పాపం ఆయన ఎండలో కూర్చుని చేశాడు. చివరికి బానెట్ తెరిచి, లోపల బాపు కట్టిన బైండింగ్ వైర్లు చూసి వాళ్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఈ పని ఎవరిదని అడిగారు. బాపు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నలభై ఏండ్లుగా రిపేరు కోసం మహారాష్ట్ర బండ్లు కూడా వెతుక్కుంటూ వచ్చే మనిషి, చేతులు దాచుకున్నాడు. నువ్వు అప్పుడు ఫోన్ మాట్లాడుతున్నావు.

శుక్రవారం ప్రాక్టీసు. ఆ రోజు అమావాస్య. "అమాస నాడు కొత్త బండి గేటు దాటొద్దు, మన ఇంట ఎన్నడన్న దాటిందా?" అని నువ్వు తాళం జేబులో వేసుకున్నావు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అందరూ ట్రాక్ మీద తిరుగుతుంటే మనం టీషర్టులేసుకుని చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఆ మలుపులు నేను మొదటిసారి చూసింది శనివారం, పోటీలోనే. రెండో మలుపులో గడ్డిలోకి, ఇసుకలోకి పోయాను, తిప్పుకుని వచ్చాను. అందరికంటే చివర వచ్చాను. దారి పొడుగునా నాకు నీలం జెండా ఊపుతూనే ఉన్నారు. నువ్వు గోడ మీద నిలబడి చప్పట్లు కొట్టావు. దిగగానే "చూసినవానే, నీకు ఒక్కదానికే జెండ ఊపిన్రు" అన్నావు. వెనక వేగంగా వచ్చేవాళ్లు ఉన్నారు, పక్కకు తప్పుకో అని దానర్థం అన్నా! నాకు జెండాలు నేర్పాల్సిన టీమ్ మేనేజర్‌వి నువ్వు. ఇప్పటికీ ఆ ఫోటో నీ దుకాణం గోడకు ఉందని లత చెప్పింది. సిగ్గుంటే తీసేయ్.

ఇక్కడి నుంచి నీకు తెలియదు. శనివారం సాయంత్రం నువ్వూ మొయిన్ భాయ్ సముద్రం చూడటానికి పోయారు. బండి పెట్టిన షెడ్డులో నేనూ బాపూ ఉన్నాం. బాపు బానెట్ తెరిచి చూస్తే రేడియేటర్ నిండా ఎండుగడ్డి, ఇసుక. కూర్చుని పుల్లతో ఒక్కొక్కటీ తీశాడు. తీస్తూ నన్ను అడిగాడు, "నా చేతి పని ఎన్నడన్న నిన్ను నడిమిట్ల ఆపిందా బిడ్డా?" ఎన్నడూ ఆపలేదని చెప్పాను. గురువారం నుంచి ఆయన నోరు విప్పింది అదే మొదలు.

ఆదివారం పొద్దున నేను పోయేసరికి బాపు చేతులు తుడుచుకుంటున్నాడు. "జాలి కట్టిన బిడ్డా. రెండు పొరలు. ఇంక దుమ్ము పోదు, గడ్డి పోదు, ఇంజన్ సల్లగుంటది" అన్నాడు. ఇంటి నుంచి తెచ్చిన పెట్టెలో హార్వెస్టర్ రేడియేటర్‌కు కట్టే ఇనుప జాలి ఉంది, అదే కట్టాడు. ఎంత సంతోషంగా చెప్పాడో! నాకూ తప్పు తట్టలేదు. హార్వెస్టర్లు బాగుచేసే ఇంట్లో పుట్టినదాన్ని, కోతల్లో జాలి లేని రేడియేటర్ నేను చూడనే లేదు. వరి పొట్టు ఎగిరే మడిలో జాలి లేకపోతే మిషన్ పూటకే పోతుంది. కానీ మడిలో గంటకోసారి దిగి జాలి దులుపుతాం కదా. రేసులో ఎవరు దిగి దులుపుతారు? అది నాకు గుర్తురాలేదు, బాపుకూ గుర్తురాలేదు.

మిట్టమధ్యాహ్నం మొదలైంది. ఆ రోజు బండి నా మాట వింది అన్నా, ఒట్టు. మలుపులు అర్థమయ్యాయి. ఇద్దరిని దాటాను. ముందు పోయేవాళ్లు గడ్డిలోకి దిగి ఎక్కుతుంటే ఆ గడ్డంతా నా మీదికే వస్తోంది. మూడో చుట్టులో వేడి ముల్లు లేచింది. నాలుగో చుట్టులో ఎర్ర గీతకు ఆనుకుంది. ఆవిరి వాసన వచ్చింది. ఇంకొక్క చుట్టు పోతే బాపు చేతితో కట్టిన ఇంజన్ పగులుతుంది. వెనక ఎవరూ లేనిది చూసుకుని, మలుపు బయటికి తీసి, ఇంజన్ ఆపేశాను.

బండిని తాడేసి షెడ్డుకు లాక్కొచ్చారు. బాపు నీళ్ల కోసం బకెట్ పట్టుకుని ఉరికాడు. నువ్వు ఎవరితోనో ఫోన్‌లో అరుస్తున్నావు. నేను బానెట్ తెరిచాను. జాలి మీద గడ్డి, రబ్బరు ముక్కలు అట్ట కట్టినట్టు ఉన్నాయి, గాలి పోయే సందే లేదు. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. గురువారం వాళ్ల నవ్వు గుర్తొచ్చింది. బాపు చేతులు వెనక్కి పెట్టుకున్నది గుర్తొచ్చింది. కట్టర్ తీసుకుని వైర్లు తెంపి, జాలి మడిచి నా బ్యాగులో కుక్కాను. చేయి కాలింది. ఆ మచ్చ ఏందే అని అవ్వ అడిగితే పెనం తగిలిందన్నాను.

బాపు బకెట్‌తో వచ్చాడు, నువ్వూ వచ్చావు. ఇంజన్ చల్లారాక తాళం తిప్పితే మొదటిసారికే పట్టుకుంది. "బండి మంచిగనే ఉంది కద! మరెందుకాపినవే? భయమైందా?" అన్నావు. బాపు బకెట్ కింద పెట్టకుండా నా మొహమే చూస్తున్నాడు. నేనేం చెప్పాలి? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. "అవునన్న, భయమైంది" అన్నాను.

అవును, ఆ మాట నేనే అన్నాను. నువ్వు అబద్ధం చెబుతున్నావని నేను అనడం లేదు. సకాలంలో ఆపాను కాబట్టి ఇంజన్ బతికింది, అది బతికింది కాబట్టి నేను పిరికిదాన్ని. పగిలిపోయి ఉంటే నీ కథలో వీరనారిని అయ్యేదాన్ని. కానీ నేను ఒక్కసారి అన్న మాటను నువ్వు వందసార్లు అన్నావు. అంతకంటే పెద్ద కోపం ఇంకొకటి ఉంది. నువ్వు నమ్మావు. నాకు ట్రాక్టర్ నేర్పినవాడివి, పోచారం చెరువు కట్ట మీద వానలో ట్రాలీతో నన్ను ముందు తోలమని వెనక నిద్రపోయినవాడివి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నమ్మావు. మొయిన్ భాయ్ నమ్మలేదు. సామాను ఎక్కిస్తూ "చెల్లెమ్మా, నువ్వు భయపడే రకం కాదు, ఏమో ఉంది" అన్నాడు. నువ్వు మాత్రం అప్పుడే టీషర్టు విప్పేశావు. ఒకటిన్నర రేసుతో పోచారం రేసింగ్ మూతపడింది, తప్పు చెల్లెది. నీకు అట్లా సులువైంది.

బాపు అడిగాడు, అడగకుండా ఉంటాడా? నువ్వు కారును లారీ ఎక్కిస్తుంటే మెల్లగా చెవిలో "జాలి ఏదే?" అన్నాడు. మిమ్మల్ని రేసు మొదలయ్యే లైను దగ్గరికి రానివ్వలేదు కదా, అక్కడ తనిఖీ వాళ్లు తీయించారని చెప్పాను. "గట్లనా" అన్నాడు. వాళ్లు తీయించకపోతే బండి వేడెక్కేది కాదని, నేను భయపడేదాన్ని కాదని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. అనుకోనీ. ఆ మరుసటి వారం ఎప్పటిలాగే పానాలు పట్టుకుని మన ఇంటి షెడ్డులోకి పోయాడు కదా, అది చాలు నాకు. తన చేతి పనే బిడ్డను నడిమిట్ల ఆపిందని తెలిస్తే ఆయన మళ్లీ పానా పట్టడు. నీకూ తెలుసు.

ఈ ఉద్యోగం ఎట్లా వచ్చిందో నువ్వు ఎన్నడూ అడగలేదు. నేను బండి ఆపిన మలుపులో జెండా పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఇక్కడ మా మేడం, అముద ఆమె పేరు. నా బండి నుంచి ఆవిరి రావడం ఆమె చూసింది. మగపిల్లలైతే ఇంజన్ పేలేదాకా తోలుతారు, ఎక్కడ ఆపాలో తెలిసిన వాళ్లే నాకు కావాలి అని పిలిపించింది. నువ్వు ఊరంతా నవ్వించిన పనిని చూసే వాళ్లు నాకు జీతమిస్తున్నారు.

ఇప్పుడు కవరులోది తియ్యి. జాలి అంచు ముక్క, దానికి వైరు ముడి ఉంది. మూడు మెలికలు వేసి, కొస లోపలికి వంచి నొక్కి ఉంటుంది. తీసేవాళ్ల చేతికి గుచ్చుకోవద్దని అట్లా కట్టే మనిషి మన జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. వేలు పెట్టి చూడు. చూశాక పాత ఇనుపసామాను బస్తాలో వేసెయ్. ఇంటికి తీసుకుపోయావో, ఇక నాకు అన్న లేడనుకుంటాను. నీ పిల్లల మీద ఒట్టు, ఈ మాట నీ నోటి నుంచి బయటికి రావద్దు. వదినకు కూడా చెప్పకు.

నాకు నీ క్షమాపణ అక్కర్లేదు. ఫోన్ చేసి ఏడవకు. కోతలు మొదలయ్యే వారం నేను దిగుతున్నాను. హార్వెస్టర్ తాళం కామారెడ్డి స్టేషన్‌కే తెచ్చి నా చేతిలో పెట్టు. మామ వాళ్ల ముందు ఇంకోసారి ప్లేటు తిప్పావంటే, ఆ ప్లేటు ఎక్కడ పడుతుందో నేను చెప్పలేను. మొదటి మడి మన లింగంపేట మడే కావాలి, బాపు గట్టు మీద కుర్చీ వేసుకుని చూడాలి. జాలి ఆయన్నే కట్టమను. గంటకోసారి నేను దిగి దులుపుకుంటాను.

అవ్వ కాళ్లకు, బాపు కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. వదినను అడిగానని చెప్పు. మొయిన్ భాయ్‌కి ప్రత్యేకంగా సలాం చెప్పు, ఎందుకని అడిగితే ఊరికే అను. లతకు పెళ్లిచీర నేనే తెస్తానని చెప్పు. తొక్కు మరిచిపోకండి. నేను బాగానే ఉన్నాను.

తాళం ఎందుకిచ్చావని ఊళ్లోవాళ్లు అడుగుతారు, నీకు తోచింది చెప్పుకో. బాపు అడిగితే మాత్రం, దాని భయం పోయిందని చెప్పు.

నీ మీద కోపం తగ్గని,
నీ చెల్లె
స్వరూప